మూడేసి అధ్యాయాల ఒప్పందం

ఇరవై ఒక్క సంపుటాలపాటు ఒక ప్రేమను పెంచి పోషించి, ఇరవై రెండో సంపుటం చివరి పేజీలో నాయిక జ్ఞాపకాన్ని ఒక్క మంత్రంతో తుడిచేసిన రచయిత్రికి చట్టంలో ఏ శిక్షా లేకపోవడం చట్టం చేసినవారి లోపమని ఆర్డిత్ నైక్విస్ట్ అభిప్రాయం. ముప్పై ఎనిమిదేళ్ళు హైస్కూల్లో లాటిన్ బోధించిన ఆమెకు అభిప్రాయాలు తేలికగా ఏర్పడవు, ఏర్పడ్డాక మారవు.

అయినా ఆ మంగళవారం ఉదయం, మిన్నెసొటా మార్చి చలిలో, లైబ్రరీ తలుపులు తెరవకముందే మెట్లమీద నిలబడ్డ మొదటి మనిషి ఆమే. ఇరవై మూడో సంపుటం విడుదలయ్యేది ఆ రోజే.

‘పొగమంచు రేవు’ కథ పందొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. మూడు వందల ఏళ్ళ తోడేలు మనిషి ఈవొర్, చనిపోయినవాళ్ళతో మాట్లాడగల నర్సు లినెట్. ఆరో సంపుటంలో ఆకుపచ్చగా ఉన్న ఈవొర్ కళ్ళు పదకొండో దానిలో బూడిదరంగుకు తిరిగాయి. పద్నాలుగో దానిలో తొమ్మిది రోజుల తేడాతో రెండు పౌర్ణములు వచ్చాయి. ఆర్డిత్ ఇవన్నీ నోటుపుస్తకంలో ఎక్కించింది, కానీ ఒక్క సంపుటమూ వదల్లేదు. తప్పులు పట్టేవాళ్ళే చివరిదాకా ఉంటారనీ, పొగిడేవాళ్ళు మధ్యలో జారుకుంటారనీ ఆమె సిద్ధాంతం.

జారుకున్నది వెర్లా పోల్మన్. ఇల్లు వీధికి అవతలి పక్క. అదే స్కూల్లో వంటశాల నడిపిన మనిషి. మొదటి సంపుటం నుంచీ ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉండేది. ఒకే రోజు మొదలుపెట్టాలి. మూడు అధ్యాయాలు కాగానే పుస్తకం బోర్లించి ఫోను చేయాలి. అవతలి మనిషి ఫోను ఎత్తేదాకా నాలుగోది తెరవకూడదు. ఈ పద్ధతిలో పందొమ్మిదేళ్ళు గడిచాయి. ఈలోగా ఇద్దరి భర్తలూ కాలం చేశారు. అలాంటి వెర్లా, ఇరవై రెండోది మూసిన సాయంత్రమే మొత్తం వరసను అట్టపెట్టెల్లో సర్ది చర్చివాళ్ళకు ఇచ్చేసి, ఇక తన దగ్గర ఆ రేవు ఊసెత్తవద్దంది.

ఒంటరిగా చదవడం చదరంగం బల్లకు రెండు వైపులా తానే కూర్చోవడం వంటిదని ఆర్డిత్‌కు తెలుసు. వెర్లాను వెనక్కి తేవాలంటే ఇవాళే తేవాలి. కథ ముందుకు సాగిపోయాక వెనకబడ్డవాళ్ళు మళ్ళీ అందుకోరు.

ఒకప్పటి ఆమె శిష్యురాలైన లైబ్రేరియన్ పుస్తకం చేతికిస్తూ, "టీచర్, ఈసారైనా బాగుంటుందంటారా?" అని అడిగింది.

"బాగుండదు. త్వరగా ఇవ్వు."

పదకొండు గంటలు కాకముందే మూడు అధ్యాయాలు ముగిశాయి. ఆస్పత్రి వరండాలో లినెట్ ఈవొర్‌ను గుర్తుపట్టలేదు. అయినా ఆమె చెయ్యి దానంతట అదే అతని మణికట్టు మీది మచ్చను తడిమింది. ఆర్డిత్ కాఫీ చల్లారిపోయింది. ఫోను చేస్తే, పొయ్యిమీద సూపు ఉందని చెప్పి వెర్లా పెట్టేసింది.

ఆరో అధ్యాయం తరవాత మళ్ళీ చేసింది. ఈవొర్ తోటమాలిగా లినెట్ ఎదురింట్లో దిగాడని చెప్పింది. ఆ తోడేలు ఎవరి గుమ్మంలో పడుకున్నా తనకక్కర్లేదని వెర్లా అంది. కానీ ఆ తరవాత కూడా కాసేపు లైనులోనే ఉంది.

తొమ్మిదో అధ్యాయం చివర లినెట్ ఇంటి తలుపు ఎవరో తట్టారు. తీయవద్దని చనిపోయిన నాయనమ్మ అరిచింది. ఆర్డిత్ వేలు తరవాతి పేజీ అంచు దాకా వెళ్ళింది. జీవితంలో మొదటిసారి ఆమె ఒక నియమాన్ని ఉల్లంఘించబోయి, ఆగి, ఫోను అందుకుంది.

"వెర్లా, విను. తలుపు తీయొద్దంటోంది నాయనమ్మ. ఆవిడకి మొదట్నుంచీ ఈవొర్ అంటే పడదు కదా. మంత్రం వేయించింది కూడా ఆవిడేనని నా అనుమానం."

"వేయించడమేంటే, నీ మొహం. పాపం, మంత్రాన్ని తన మీదికి లాక్కుని ఆ ముసలావిడేగా..."

మాట ఠక్కున ఆగిపోయింది.

ఆర్డిత్‌కు నోటుపుస్తకం తెరవాల్సిన అవసరం కలగలేదు. ఇరవై రెండు సంపుటాల్లోనూ ఆ సంగతి లేదు. ఇవాళ్టి తొమ్మిది అధ్యాయాల్లోనూ లేదు.

"నువ్వు ఎన్నో అధ్యాయంలో ఉన్నావు?"



"పద్నాలుగు," అంది వెర్లా. "తెల్లారి అయిదింటికే టాబ్లెట్‌లోకి దించుకున్నా. లినెట్ ఎలా ఉందో ఒక్క పేజీ చూసి మూసేద్దామనుకున్నానే. ఆగడం నా చేతిలో లేదు."

పందొమ్మిదేళ్ళ ఒప్పందాన్ని ఒక్క ఉదయంలో అయిదు అధ్యాయాల మేర ధిక్కరించిన మనిషి మీద రావలసినంత కోపమూ ఆర్డిత్‌కు వచ్చింది. ఆ కోపం కింద గుండె మాత్రం పదహారేళ్ళ పిల్లదానిలా గంతులేస్తోంది.

"పుస్తకం బోర్లించు. నేను అందుకునేలోగా ఒక్క పేజీ తిప్పావో, చచ్చినా నీతో మాట్లాడను."

"అయితే తొందరగా చదువు తల్లీ. ఇక్కడ నాకు ఊపిరాడ్డం లేదు. ఆ పద్నాలుగు చివర వాడు..."

"నోరు ముయ్యి," అని, ఫోను పెట్టకుండానే బల్లమీద ఆనించి, ఆర్డిత్ పదో అధ్యాయం తెరిచింది. మొదటి పేజీ తిరిగిన చప్పుడుకు అవతలి నుంచి వెర్లా ఊఁ కొట్టింది.