ఐదో ఫొటో

అల్లం దంచే చప్పుడుతో ఈ ఇంట్లో తెల్లవారుతుంది. నేను తలస్నానం చేసి, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని మెట్లు దిగేసరికి పెద్దమ్మ పొయ్యి మీంచి చాయ్ గిన్నె దించుతూ ఉంటుంది. "రా బిడ్డా, నీదాంట్ల చక్కెర జర ఎక్కువేసి పక్కకు పెట్టిన" అంటుంది. పెళ్ళయి పరకాల నుంచి వరంగల్ వచ్చాక ఈ ఇంట్లో నాకు దొరికిన మొదటి సంతోషం ఆ గ్లాసు. రెండోది, మా ఆయన ఉదయ్ స్టీలు సామాన్ల దుకాణం మూసి వస్తూ చొక్కా జేబులో దాచి తెచ్చే మల్లెమొగ్గల పొట్లం. మూడోది, ఆదివారం సాయంత్రం స్కూటీ మీద ఖిలా వరంగల్ దాకా పోయి, విరిగిన రాతి ఏనుగుల పక్కన కూర్చుని ఒకే కాగితంలోంచి మిర్చిబజ్జీ తినడం. పెళ్ళయి మూడు నెలలు. ఇంకా ఏది చూసినా నవ్వొస్తుంది నాకు. వచ్చేది. మొన్నటిదాకా.

పెద్దమ్మ అంటే మా మామయ్యకు అక్క. భర్త పోయాక ఇంటికి వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. మామయ్య ఆమెను "అక్కా" అంటారు. అత్తమ్మ "వదినె" అంటుంది. ఉదయ్ "అత్తా" అంటాడు. గల్లీలోకి కూరగాయలు తెచ్చే యాకమ్మ "అవ్వా" అని కేకేస్తుంది. అన్ని పిలుపులకూ ఆమె పలుకుతుంది. ఇంతమంది ఇన్ని రకాలుగా పిలుస్తుంటే ఆమెకు ఒక పేరు కూడా ఉండి ఉంటుందని నాకు తట్టనే లేదు. ఎమ్మే చదివాను. కొత్తింట్లో పిల్లి పేరు మొదటిరోజే అడిగాను.

మా మామయ్య రాజమౌళి గారు తోరణ సిటీ బ్యాంకుకు వైస్ చైర్మన్. చౌరస్తా బట్టల వ్యాపారులు ఒక మెట్ల కింది గదిలో పెట్టుకున్న చిన్న సంఘం అది. తర్వాత ఎనుమాముల మిర్చి వ్యాపారుల సంఘం వచ్చి కలిసింది. ఆ తర్వాత టీచర్ల పొదుపు సంఘం, మా పరకాల వర్తకుల బ్యాంకు. అన్నిటికన్నా చివర పద్మాక్షి మహిళా బ్యాంకు. అలా పెరిగి పెరిగి ఇప్పుడు అద్దాల మేడ కట్టుకుంది. వార్షికోత్సవానికి చరిత్ర పుస్తకం వేయాలని బోర్డు అనుకున్న రోజు, భోజనాల దగ్గర మామయ్య అన్నారు: "బయటోళ్ళెందుకు? మన కావ్య తెలుగుల ఎమ్మే. మంచిగ రాస్తది."

నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఈ ఇంట్లో నా చదువు గురించి ఎవరైనా మాట్లాడడం అదే మొదలు. "రాసుడు సరె, మరి ఇంట్ల పని?" అని అత్తమ్మ నవ్వుతూనే అంది. నేను మాట్లాడేలోపు వంటింట్లోంచి పెద్దమ్మ గొంతు వినబడింది. "నేను చేస్తగని, పిల్లను రాసుకోనియ్యి శోభా."

ఆ వారమంతా నా వంతు గిన్నెలు ఆమే తోమింది. నా బట్టలు కూడా ఆమే ఆరేసింది. నేను పైగదిలో ఫ్యాన్ కింద కూర్చుని మంచి మంచి మాటలు వెతుక్కున్నాను. ఒకసారి చాయ్ తెచ్చిచ్చి గుమ్మంలో నిలబడి అడిగింది. "అండ్ల ఆడోళ్ళ బ్యాంకు గురించి కూడ ఉన్నదా బిడ్డా?" "ఉంది పెద్దమ్మా, ఒక పేరా" అన్నాను, తల ఎత్తకుండానే. "పేరానా. మంచిదే" అని ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళింది. నేను అప్పుడు రాస్తున్న వాక్యం నాకు బాగా గుర్తుంది. 'ఎన్నో ఉపనదులు తనలో కలవగా తోరణ బ్యాంకు మహానదియై ప్రవహించింది.' ఆ వాక్యానికి నాకు నేనే మురిసిపోయి, ఉదయ్‌కు ఫోన్ చేసి చదివి వినిపించాను కూడా.

బ్యాంకుకు పోయిన రోజు అటెండర్ పోశయ్య నాకు బోర్డు రూము తాళం తీశాడు. గోడ మీద వరసగా ఐదు ఫొటోలు, కలిసిన ఒక్కో సంస్థకు ఒక్కో వ్యవస్థాపకుడు. అన్నిటికీ గంధపు చెక్కల దండలు. నలుగురు మగవాళ్ళ తర్వాత ఐదో ఫొటోలో ముప్ఫైల్లో ఉన్న ఒక ఆవిడ. నల్లఫ్రేము కళ్ళద్దాలు, పెద్ద బొట్టు, గడ్డం కాస్త పైకెత్తి ఎవరితోనో పందెం కట్టినట్టు చూస్తోంది. కింద 'శ్రీమతి పుల్లూరి రాజేశ్వరి, పద్మాక్షి మహిళా బ్యాంకు' అని ఉంది. ఫోనులో ఫొటో తీసి, 'ఎంత బాగుందో చూడు' అని ఉదయ్‌కు పంపాను. బొటనవేలి బొమ్మ పంపాడు. అన్ని ఫొటోలకూ దండలున్నాయి కదా, ఐదుగురి పేర్ల ముందూ 'కీర్తిశేషులు' అని రాశాను. మామయ్య ప్రూఫులు హాల్లో గట్టిగా చదివారు. అందరం విన్నాం. ఆ పేరు కూడా చదివారు, ఆగలేదు. తన పేరు ముందు 'శ్రీ' తీసి 'శ్రీయుత' పెట్టించారు, అంతే. ఆ సమయంలో పెద్దమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది.

వార్షికోత్సవానికి ముందు రోజు సాయంత్రం ప్రెస్సు నుంచి పుస్తకాల కట్టలు ఇంటికి వచ్చాయి. కొత్త కాగితం వాసన. మొదటి పేజీ కింద 'రచన: శ్రీయుత గుండా రాజమౌళి గారి కుటుంబం' అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. కానీ నాకు కోపం రాలేదు. కుటుంబం అంటే నేను కూడా అని సంబరపడ్డాను. రేపు స్టేజీ మీద నాకు శాలువా కప్పుతారని మామయ్య ముందే చెప్పారు. ఆ శాలువా కిందికి ఏ చీరైతే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను.

పెద్దమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని, ఒక పుస్తకం తీసుకుంది. ఆమె అద్దాలు పెట్టుకోవడం నేను అప్పుడే చూశాను. పేజీలు తిప్పుతూ పోయి ఒకచోట ఆగింది. పెదవులు కదిలాయి. తర్వాత ముసిముసిగా నవ్వింది.

"బిడ్డా, నన్ను కాటికి ఎప్పుడు కొంచవోయిన్రే? నాకు యాదికి లేదు."

"ఏంది పెద్దమ్మా?"

"గీ రాజేశ్వరిని నేనే గద."

ఏమీ అర్థం కానట్టు చూశాను. అర్థమైంది, కానీ కాకపోతే బాగుండునని చూశాను. ఆమె వేలు 'కీర్తిశేషులు' అన్న మాట మీదే ఉంది. "ఫొటో నల్లగ అలుక్కపోయింది, మొఖమే కానొస్తలేదు. ఆడ గోడ మీద మంచిగున్నదా? పెట్టిన్రని విన్న గని ఎన్నడూ చూడలే" అంది. మళ్ళీ ముందు పేజీకి వెళ్ళి నా వాక్యం చదివింది. "నదులు కలిసినయని బాగ రాసినవ్ బిడ్డా. గంగల అస్తులు కలిపినట్టే ఉన్నది."

ఆమెకు నవ్వు ఆగలేదు. నాకు చెవుల దాకా వేడెక్కింది. ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. ఆ క్షణంలో నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. తప్పు బయటపడితే రేపు శాలువా ఇస్తారో ఇవ్వరో అన్న భయం. అది వచ్చి వెళ్ళాకే మిగతావన్నీ వచ్చాయి.

"మీరు నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అన్నాను, తప్పు ఆమెదైనట్టు.

"నువ్వు అడగలె గద బిడ్డా" అంది మామూలుగా. తర్వాత చిక్కుడుకాయలు ముందేసుకుని, ఈనెలు తీస్తూ చెప్పింది. బీడీలు చుట్టేవాళ్ళు, పూలమ్మేవాళ్ళు, గాజుల మలారం మోసేవాళ్ళు. వాళ్ళను ఒక్కొక్కరినీ ఇంటింటికీ తిరిగి కూడగట్టిందట. మొగవాళ్ళు తలుపు దగ్గరే అడ్డం నిలబడితే, పెరటి దారిన పోయి బావి దగ్గర మాట్లాడేదట. గిర్మాజీపేటలో అద్దెగదికి బోర్డు కట్టిన రోజు, నిచ్చెన ఎక్కి మేకు తనే కొట్టిందట. "మరి ఎందుకు కలిపిన్రు?" అన్నాను.

"మీ మామ అన్నడు, ఆ పెద్ద బ్యాంకుల కలిస్తె మనకొక డైరెక్టరు సీటు ఇస్తరట అక్కా అని. మనకు అంటె నాకు గూడ అనుకున్న." ఒక కాయ విరిచింది. "ఆ దినం రెండు దిక్కులోళ్ళు ఈ హాల్లనే కూసున్నరు. ఇంటికొచ్చినోళ్ళకు చాయ్ వొయ్యాలె గద? నేను చాయ్ పట్టుకొని వచ్చేవరకు మాట అయిపోయింది. కాయితం వంటింట్లకే తెచ్చిండు. సర్వపిండి కలుపుతాన్న. చెయ్యి కడుక్కొని సంతకం పెట్టిన."

నేను రాసిన పేరా నాకు కంఠస్థం. 'ఉభయ బోర్డుల సుదీర్ఘ చర్చల అనంతరం, ఏకగ్రీవంగా.' ఆ మాటలు నాకు చెప్పింది మామయ్యే.

మామయ్య వచ్చాక విషయం చెప్పాను. ఆయన పుస్తకం తీసి ఆ పేజీ చూశారు. తర్వాత పెద్దగా నవ్వారు. "అరె, నేనూ చూడలె! ఫికర్ చెయ్యకు బిడ్డా. గట్ల రాస్తె ఆయుష్షు పెరుగుతదంటరు. ఏమంటవ్ అక్కా?" పెద్దమ్మ కూడా నవ్వింది. అత్తమ్మ మాత్రం ఆలోచించి అంది. "రేపు వదినె అక్కడికి రావద్దు మరి. మనిషి కండ్ల ముంగట ఉంటె పుస్తకం తప్పని అందరికి తెలుస్తది."

"నేనేడికొస్తనే, మధ్యాహ్నం డైరెక్టర్లందరికి ఇంట్లనే భోజనం గద" అంది పెద్దమ్మ. లేచి చిక్కుడుకాయల గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. వెళ్ళేముందు ఆ పుస్తకాన్ని కట్టలో జాగ్రత్తగా, మూల మడత పడకుండా, ఉన్నచోటే పెట్టింది.

ఉదయ్ వచ్చి మల్లెపొట్లం నా చేతిలో పెట్టాడు. నేను విప్పలేదు. "మీ అత్త పేరు నీకు తెల్వదా?"

"తెలుసు. రాజేశ్వరి." చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు. "గని గట్ల ఎవరం అనం గద. ఫొటో నువ్వు పంపినప్పుడు నేను గిరాకీల ఉన్న, సక్కగ చూడలె."

"రేపు మనం చెప్దాం, తప్పయిందని."

"నాయిన ముంగట లొల్లి పెట్టకు కావ్యా, జర. అత్త ఏమన్న బాధపడ్తాందా? నవ్వుతాంది గద." తర్వాత, చెడ్డగా కాదు, మామూలుగానే అన్నాడు: "నువ్వు మాత్రం అడిగినవా?"

అతను మంచివాడు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. కానీ ఆ మాట తర్వాత అతని మీద పడాల్సిన కోపం కూడా తిరిగి నా మీదే పడింది. ఎవరో కడిగిన గ్లాసులో చాయ్ తాగుతూ, ఎవరో ఇచ్చిన తీరికలో కూర్చుని, ఆ ఎవరోనే చంపి రాశాను. పైగా నేను చదువుకున్న దానిలో ఆడవాళ్ళ చరిత్ర అని ఒక పేపరుంది. ఫస్ట్ క్లాసు.

పొద్దున మళ్ళీ అల్లం దంచే చప్పుడు. పూలు, దీపాలు సర్దాలని నన్ను అందరికంటే ముందు ఫంక్షన్ హాలుకు పొమ్మన్నారు. పట్టుచీర కట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. పెద్దమ్మ పెద్ద గంజులో పప్పు పోస్తోంది. నేను పొయ్యి బంద్ చేశాను.

"ఏమైందే?"

"చీర మార్చుకోండ్రి పెద్దమ్మా. మీ ఫొటో చూద్దురుగని."

"పిచ్చిగాని లేసిందా నీకు? మీ మామ ఏమంటడు? భోజనాలెట్ల?"

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చింది. "భోజనాలు హోటల్ నుంచి తెప్పిద్దాం అత్తమ్మా" అన్నాను. ధైర్యంగా అన్నానని చెప్పుకోవాలని ఉంది. కానీ ఆమె మొహం చూడకుండా, గంజు వైపు చూస్తూ అన్నాను. అత్తమ్మ నా వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది. "ఆ జరీ అంచు చీర ఇస్తిరీ చేసే ఉన్నది వదినె" అంది, ఎటో చూస్తూ.

స్కూటీ మీద నా భుజాలు గట్టిగా పట్టుకుంది పెద్దమ్మ. చౌరస్తాలో ఆటో ఒకటి అడ్డమొస్తే "మెల్లగనే! నన్ను నిజంగనే కీర్తిశేషురాల్ని చేస్తవా ఏంది" అంది. వెనక సీట్లో ఆమె నవ్వుతుంటే నా వీపుకు తెలిసింది. నాకూ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

హాల్లో స్టేజీ ముందు తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, బ్యాంకు గోడ మీంచి తెచ్చిన ఐదు ఫొటోలూ పెట్టి ఉన్నాయి. పెద్దమ్మ ఐదో ఫొటో ముందు నిలబడి అద్దాలు పెట్టుకుంది. చాలాసేపు చూసింది. "అబ్బో, ఎంత పొగరుండెనే నాకు" అంది మెల్లగా.

నేను ఆ ఫొటో మీద దండ తీశాను. గంధపు చెక్కల మధ్య ఏళ్ళ దుమ్ము ఉంది. వేళ్ళకు అంటింది. పోశయ్య పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, దండ తీస్తె సార్లు తిడ్తరు." "నన్ను తిడ్తరులే కాకా" అని దాన్ని నా బ్యాగులో పెట్టుకున్నాను. పెద్దమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను.

జనం నిండారు. స్టేజీ ఎక్కిన మామయ్య చూపు ముందు దండ లేని ఫొటో మీద, తర్వాత మా మీద పడింది. మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు, తాగకుండానే పెట్టేశారు. ఉదయ్ దూరంగా గోడ పక్కన నిలబడ్డాడు. మైకు పట్టుకున్న అమ్మాయికి ఇవేవీ తెలియవు. చేతిలో నేను రాసిన పుస్తకమే ఉంది. "కీర్తిశేషులైన మన ఐదుగురు వ్యవస్థాపకులకు నివాళిగా అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అంది.

కుర్చీలు కదిలాయి. హాలంతా లేచింది. అందరితో పాటు పెద్దమ్మ కూడా, ఎవరు లేవమన్నా లేచే అలవాటుతో, కొంగు సర్దుకుంటూ లేవబోయింది.

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

"మీరు కూసోండ్రి రాజేశ్వరి పెద్దమ్మా."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. కూర్చుంది. గడ్డం కాస్త పైకెత్తింది. నేను ఆమె పక్కన తల వంచుకుని నిలబడ్డాను. చూసినవాళ్ళందరూ అది సంతాపం అనుకుని ఉంటారు.