నిమిషానికి ముప్పై ఎనిమిది పదాలు

చదువుతూ ఉండగా అర్థం కానిది తగిలితే ఆగండి. వెనక్కి వెళ్లి మళ్లీ చదవండి. మీకు తెలిసినదానితో సరిచూసుకోండి. అప్పటికీ కుదరకపోతే అడగండి. ఆరో తరగతి నుంచీ ఆ పిల్లలకు అనూరాధ చెబుతూ వచ్చింది ఇదే. శ్రీకాకుళం నుంచి గంటన్నర బస్సులో వచ్చి, సముద్రపు ఒడ్డున ఉన్న ఆ బడిలో ఆమె తెలుగు చెప్పేది. గడగడా చదివేసి, ఏం చదివారో చెప్పలేని పిల్లలు ఏడో తరగతికి వచ్చేసరికి ఆగడం నేర్చుకున్నారు.

ఆ జూలైలో పఠన పరీక్ష పెట్టడానికి ఏదో సంస్థ తరఫున భాస్కర్ అనే యువకుడు ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. ఒక్కొక్కరికి ఒక పేరా, ఒక్క నిమిషం. ఎన్ని పదాలు చదివితే అంత స్థాయి.

ఈశ్వరి వంతు వచ్చింది. ఆమె తండ్రి చేపల వేటకు వెళతాడు, తల్లి నారాయణమ్మ చేపలమ్ముతుంది. ఈశ్వరి రెండు వాక్యాలు చక్కగా చదివి మూడోదాని దగ్గర ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. మే నెలంతా నూకయ్య రోజూ మరబోటులో వేటకు వెళ్లాడని ఉందక్కడ.

"సార్, మే నెల ఇంజను బోట్లు ఎల్లవు కదా. సేపలు గుడ్లెడతాయని రెండు నెలలు వేట ఆపేత్తారు. ఇది తప్పు రాసినారేటి?"

భాస్కర్ తల ఎత్తలేదు. "చదువమ్మా, టైం అయిపోతోంది."

"నూకయ్య దొంగతనంగా ఎల్తన్నాడా సార్?"

నిమిషం అయిపోయింది. ముప్పై ఎనిమిది పదాలు. ఈశ్వరి పేరు పక్కన ఎర్రగా వచ్చింది: చదవడం రాదు.

అనూరాధకు ఒళ్లు మండింది. "మీరు ఆ పేరా చదివారా?"

"పేరా పైనుంచి వస్తుంది మేడం. నేను పరీక్ష పెడతానంతే."

"చదివారా, లేదా?"

అతను ట్యాబ్‌లో తరువాతి పేరు తెరిచాడు.

"మీరెవరూ చూడని తప్పు ఈ పిల్ల చూసింది. ఈమెకా చదవడం రానిది?"

"అది రాయడానికి ఇందులో గడి లేదు మేడం. నన్నేం చేయమంటారు?"

ఫలితాల జాబితా కింద టీచరుగా సంతకం పెట్టనని ఆమె చెప్పేసింది.

వారం తిరక్కుండా జాబితా బడి గోడకెక్కింది. ఈశ్వరి నలభై రోజులు అక్షరాలు దిద్దే గుంపులో కూర్చోవాలి. సంతకం ఎందుకు పెట్టలేదని పై ఆఫీసు నుంచి అనూరాధకు మెమో వచ్చింది.

ఆ మధ్యాహ్నం నారాయణమ్మ చేపల గంప గుమ్మం బయట దించి లోపలికొచ్చింది. "ఏటి మేడం, మా పిల్లకి సదువు రాదని గోడకంటించినారంట. బోటు కాయితాలు ఇంట్లో అదే సదివి సెప్తాది. మరిదేటి?"

అనూరాధ ఆ పేరా చదివి వినిపించింది. మూడో వాక్యానికే నారాయణమ్మ చెయ్యి అడ్డుపెట్టింది.

"మే నెల వేటేటి? ఎవుడు రాసినాడిది?"

అనూరాధ మెమోకి జవాబు రాసింది. ఈశ్వరి తన ప్రశ్నను సొంత చేత్తో రాసిన కాగితం దానికి జతచేసింది. మూడు వారాలకు సమాధానం వచ్చింది. పేరాలో తప్పున్న మాట నిజమే, దాన్ని తొలగించారు. ఫలితాలు మాత్రం నమోదైపోయాయి కనుక మార్చడం కుదరదు.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. తరువాత నేరుగా వెళ్లి గోడ మీది జాబితా పీకేసింది. అక్షరాల గుంపులోంచి ఈశ్వరిని లేపి తన తరగతికి తీసుకొచ్చింది. మళ్లీ మెమో వస్తుందని ప్రధానోపాధ్యాయుడు హెచ్చరించాడు.

"రానివ్వండి సార్," అంది అనూరాధ. "మళ్లీ రాస్తాను."