తాళం దుంగ

మధ్యాహ్నానికి దామోదర్ వేళ్ళు అతని మాట వినడం మానేశాయి. సెప్టెంబరు నెలే అయినా, కొండ నీడలో పుట్టి చెట్ల నీడలో పారే వాగు అది. దానికి ఎండ సంగతి తెలియదు. నడుం లోతు నీళ్ళలో నిలబడి, దుంగ కింది నుంచి ఇనప తీగ దూర్చి, అవతలి వైపు కొక్కెం అందుకోవాలి. కొక్కెం చేతికి తగిలిందో లేదో కంటితో చూసుకుంటే గాని తెలియడం లేదు. ఒడ్డు మీద మోడుకి కట్టిన, తీగ లాగే వించి దగ్గర తోటి పనివాడు ఆర్లిస్ లివరు పట్టుకుని నిలబడ్డాడు.

"అయిందా?" అని అరిచాడు.

దామోదర్ చెయ్యెత్తాడు. లివరు ముందుకీ వెనక్కీ ఆడింది. తీగ బిగిసింది. దుంగ బురదలోంచి ఊడి, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ ఒడ్డెక్కింది. పొద్దుటి నుంచీ ఇదే పని, నిన్నా ఇదే పని.

వాషింగ్టన్ రాష్ట్రంలో, పడమటి సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరది. సామన్ చేపలు ఆ వాగులోనే పుట్టి, సముద్రానికి పోయి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఆ వాగుకే వస్తాయి, పెట్టాక చచ్చిపోతాయి. ఏటేటా వచ్చేవి తగ్గిపోతున్నాయి. కొండల మీది అడవిని నున్నగా గొరిగేసిన కంపెనీల జోలికి పోవడం కష్టం కాబట్టి, పెద్దలు వాగులో కూలిన చెట్లని పట్టుకున్నారు. ఆ చెట్లు అడ్డం పడి చేపకి దారి లేదన్నారు. అవి తీసేస్తే చేప పైకి ఎక్కుతుంది, తీసే పని మిల్లు మూతపడి రోడ్డున పడ్డవాళ్ళకి ఇస్తే వాళ్ళకీ కూడు దొరుకుతుంది, ఒకే దెబ్బకి రెండు పిట్టలన్నారు. పిట్టల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

దామోదర్ కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. ఇక్కడ ప్లైవుడ్ మిల్లులో యంత్రాలు చూసే ఉద్యోగం. గంటకి పదకొండు డాలర్లు. ఎనభై రెండులో మిల్లుకి తాళం పడింది. ఇల్లు అమ్ముకుని ఇంకో ఊరు పోదామంటే వీధి వీధంతా అమ్మకానికే ఉంది, కొనేవాడే లేడు. ఇప్పుడు గంటకి అయిదు డాలర్లకి దుంగలు లాగుతున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, ఏ దుంగ లాగాలో చెప్పేది అతని పెళ్ళాం.

లీల వాల్తేరులో జువాలజీ ఎమ్మెస్సీ. అమెరికా వచ్చాక ఆ డిగ్రీ పదేళ్ళు పెట్టె అడుగున పడుకుంది. మిల్లు మూసేశాక, చేపల శాఖలో సైంటిస్టు యోగానంద్ ఆమెకి ఫీల్డ్ అసిస్టెంట్ పని ఇప్పించాడు. వాగు వెంబడి నడిచి, తియ్యాల్సిన దుంగకి నారింజ రంగు రిబ్బను కట్టడం ఆమె పని. రిబ్బను లేని దుంగ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. కట్టాక ఎవరూ ఆపకూడదు. చేపలంటే ఆమెకి భక్తేమీ లేదు. పులుసు పెట్టడంలో ఆమె తరవాతే ఎవరైనా, ఆర్లిస్ ఆ పులుసు గిన్నె అడుగు రొట్టెతో తుడిచి మరీ తిన్నాడు. కానీ ఏడాదిన్నరగా రోజూ వాటిని చూస్తోంది. చూసినకొద్దీ ఆమెకి నిద్ర తగ్గింది.

భోజనం వేళకి లీల కింది నుంచి వచ్చింది. బూట్ల నిండా నీళ్ళు. దామోదర్ మోడు మీద కూర్చుని పులిహోర డబ్బా మూత తీయలేక అవస్థ పడుతున్నాడు. ఆమె తీసి ఇచ్చి పక్కన కూర్చుంది.

"వంతెన దగ్గర చూసొచ్చానండీ. పోయినేడు మనం క్లీన్ చేసిన చోటు."

"ఊఁ."

"ఏం లేదక్కడ. కడిగిన గచ్చులాగా రాయి తేలి ఉంది. చిన్న రాళ్ళన్నీ వరదకి కొట్టుకుపోయాయి. గుడ్లు పెట్టేది ఆ రాళ్ళలోనే కదా. గుంట లేదు, చేపపిల్ల లేదు. దుంగలుంటేనే నీళ్ళు ఆగేవి, గుంట పడేది. మనమే తీసేశాం."

దామోదర్ నమలడం ఆపలేదు.

"ఇంకా పైన?" అన్నాడు కాసేపటికి.

"అంతా అట్లాగే ఉంది. ఇహ మిగిలింది ఆ మలుపు దగ్గర పెద్ద అడ్డొకటే. దాని కింద గుంట నిండా పిల్లలున్నాయి. పెట్టెలోంచి చూస్తే కిటకిటలాడుతున్నాయి. అది తీస్తే ఈ వాగులో ఇంకేం మిగలదు."

పెట్టె అంటే అడుగున గాజు పలక బిగించిన చెక్క పెట్టె. దాన్ని నీళ్ళ మీద ఆనించి చూస్తే అడుగు కనబడుతుంది.

"ఇవాళ మధ్యాహ్నం దానికే ముహూర్తం. యోగానంద్ గారు కెమెరా తెస్తున్నారు," అన్నాడు దామోదర్. "నువ్వేమీ ఆర్గ్యూ చెయ్యకు లీలా. రిబ్బను కట్టెయ్. మనకి పని చూపించిన మనిషి. మిల్లు మూసినప్పుడు మనింటికి వచ్చినవాడు ఆయనొక్కడే."

"రాలేదని నేనన్నానా?"

"అనలేదు. అనబోతున్నావు."

ఆమె నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తిన్నారు. పులిహోర చల్లగా ఉంది. ఏ రుచీ తెలియలేదు.

యోగానంద్ రెండు దాటాక వచ్చాడు. జీపు దిగుతూనే భార్య పంపిన గారెల పొట్లం లీల చేతికిచ్చాడు. ఆర్లిస్‌ని పేరు పెట్టి పలకరించాడు, వించి దగ్గరున్న అతని బావమరుదులిద్దరినీ కూడా. మంచివాడు. మంచివాడు కావడమే లీలకి వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఒక మాట అనేసి ఊరుకోవచ్చు. పెట్టినవాడికి ఎదురు చెప్పకూడదని ఆమెకి ఉగ్గుపాలతో పోశారు. సప్తసముద్రాలు దాటినా ఆ పాలు అరగలేదు.

మలుపు దగ్గరికి లీలా, యోగానంద్ నడిచారు. వాగుకి అడ్డంగా పెద్ద సీడార్ మాను ఒకటి పడి ఉంది. దాని మీద వాలి, దాన్ని ఆనుకుని, ఏళ్ళ తరబడి కొట్టుకొచ్చిన దుంగలూ కొమ్మలూ ఇల్లంత ఎత్తు పేరుకున్నాయి. ఆ అడుగు మాను ఒక్కటి లాగితే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి. కలప పని చేసినవాళ్ళు దాన్ని తాళం దుంగ అంటారు.

"అన్నయ్యగారూ, ఇది వదిలేద్దామండీ," అంది లీల.

"ఎందుకమ్మా?"

ఆమె వంతెన దగ్గర చూసింది చెప్పింది. అతను తల పంకిస్తూ విన్నాడు. కొత్త సంగతి విన్నవాడిలా లేడు.

"నాకూ డౌటుగానే ఉంది లీలా. కానీ ఒక్క వరద చూసి సైన్స్ చెప్పలేం. నాలుగైదేళ్ళు డేటా కావాలి."

"నాలుగైదేళ్ళకి చేప ఉండాలి కదండీ."

"ప్రాజెక్ట్ నా పేరు మీద ఉంది. అడ్డు తీస్తే చేప పెరుగుతుందని పేపర్ రాసింది నేను. ఇప్పుడు నేనే పోయి తప్పంటే? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా. నన్నేం చెయ్యరు, ఇంకో సెక్షన్‌లో వేస్తారు. క్రూని లేఆఫ్ చేస్తారు, శీతాకాలం ముందు. ఆర్లిస్‌కి ఇంకో పని ఉందా ఈ ఊళ్ళో? దామోదర్‌కి ఉందా?"

"దీనివల్ల దారి లేదనే కదా మీ పేపర్లో ఉంది? పోయిన డిసెంబర్లో దీనికి ఎగువన నేను చచ్చిన చేపల్ని చూశాను. గుడ్లు పెట్టి చచ్చినవి. దారి లేకపోతే ఎట్లా ఎక్కాయి?"

యోగానంద్ కెమెరా మూత తీసి, మళ్ళీ పెట్టాడు. వాగు వైపు చూశాడు.

"నేను తరవాత ఆలోచిస్తాను. ప్రామిస్. ఇవాళ మాత్రం కట్టమ్మా. ఫోటో లేకపోతే వచ్చే ఏడు ఫండింగ్ రాదు."

లీలకి అతని మీద కోపం రాలేదు. రావలసిన చోట ఏమీ లేదు, తిమ్మిరెక్కిన కాలు మీద నిలబడ్డట్టుంది. జేబులోంచి రిబ్బను తీసింది. తాళం దుంగ చుట్టూ తిప్పి ముడి వేసింది. అలవాటైన చేతులు, వాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు. యోగానంద్ ఒక ఫోటో తీసుకుని, "థాంక్స్ అమ్మా," అని ఒడ్డెక్కాడు.

ఆర్లిస్ వించిని మోసుకొచ్చి కొత్త మోడుకి కట్టాడు. బావమరుదులు తీగ చుట్ట విప్పారు. దామోదర్ కొక్కెం భుజాన వేసుకుని నీళ్ళలోకి దిగాడు. లీల ఆఖరుసారి చూద్దామని పెట్టె పట్టుకుని తాళం దుంగ మీదికి పాకి, పెట్టెను నీళ్ళ మీద ఆనించింది.

బొటనవేలంత పిల్లలు. దుంగ నీడలో అన్నీ ఒకే వైపు తలలు పెట్టుకుని ఎదురునీటిలో నిలబడి ఉన్నాయి. పై నుంచి ఏదో నలుసు కొట్టుకొస్తే ఒకటి ముందుకొచ్చి అందుకుని మళ్ళీ తన చోటుకి పోతోంది. వాటికి వేరే పని లేదు. వేరే చోటూ లేదు.

"లీలా, దిగు. తీగ తగిలిస్తున్నాం," అన్నాడు ఆర్లిస్.

ఆమె పెట్టె పైకి తీసింది. దుంగ మీద లేచి కూర్చుంది. కాళ్ళు రెండూ చెరో వైపూ వేసుకుంది.

"లీలా!"

"నేను దిగను," అంది ఆమె. గట్టిగా అనలేదు. ఆర్లిస్‌కి వినబడిందో లేదోనని ఇంకోసారి అంది.

ఆర్లిస్ ముప్ఫై ఏళ్ళు కలప నరికినవాడు. ముందు నవ్వాడు, తరవాత మొహం ఎర్రబడింది. "రిబ్బను కట్టింది నువ్వే కదా! ఇప్పుడీ వేషాలేంటి? చూడు, నాకు నీ చేప వద్దు, ఏం వద్దు. శుక్రవారం జీతం కావాలి. మా ఆవిడ ఆపరేషనుంది. తీగ తెగిందంటే మెడ తెగిపోతుంది, నేను కళ్ళారా చూశాను. దిగు!"

అతను అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. లీలకి ఆ సంగతి తెలుసు. ఆపరేషను సంగతీ తెలుసు, ఆస్పత్రికి ఆవిణ్ణి కార్లో తీసుకెళ్ళింది తనే. ఆమె గుండె దడదడలాడాలి. ఎందుకో ఆడటం లేదు.

యోగానంద్ ఒడ్డు మీంచి, "దామోదర్ గారూ, మీరు చెప్పండి. నా మాట వినేట్టు లేదు," అన్నాడు. అతని గొంతులో చిరాకు లేదు. దిగులే ఉంది.

దామోదర్ నీళ్ళని చీల్చుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె మోకాలి దాకా అతని తల వస్తోంది.

"ఏంటిది లీలా? పిచ్చా? అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి."

"ఆయన మొహం ఎట్లా చూస్తాం రేపు? తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు కాదూ?"

"ఆయన ఇల్లు కాదండీ ఇది."

"మరి మనదా?"

ఆమె నీళ్ళలోకి చూసింది. కింద పిల్లలు ఇప్పుడు కనబడటం లేదు, నీళ్ళ మీద కొండ నీడే ఉంది.

"సరే, నువ్వు ఆపావు. రేపు వాళ్ళు ఇంకొకళ్ళ చేత లాగిస్తారు. నీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. వాగు వాగులా ఉండదు, మనం మనలా ఉండం. అప్పుడేం తింటాం? చెప్పు, ఏం తింటాం?"

"తెలీదండీ," అంది లీల.

మంచో చెడో ఇంకేదైనా అని ఉంటే దామోదర్ అరిచేవాడే. తెలీదన్న మనిషితో ఏం వాదిస్తాడు? అతను కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తరవాత వంగి, భుజాల దాకా నీళ్ళలో మునిగి, తీగని దుంగ కింది నుంచి దూర్చాడు. అవతలి నుంచి కొక్కెం లాగి, ఆమె మోకాలికి జానెడు దూరంలో తగిలించాడు. చెయ్యెత్తలేదు. అలాగని కొక్కెం విప్పనూ లేదు. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

ఆర్లిస్ యోగానంద్ వంక చూశాడు. యోగానంద్ కెమెరాని చూసుకుంటున్నాడు. వద్దని అనలేదు, కానిమ్మనీ అనలేదు.

"బిగిస్తాను. బిగిస్తే తనే దిగుతుంది," అన్నాడు ఆర్లిస్, ఎవరితోనో మరి.

లివరు ముందుకి పోయింది, వెనక్కి వచ్చింది. నీళ్ళలో తేలుతున్న తీగ పైకి లేచింది. దాని పొడుగునా నీటిబొట్లు రాలిపడ్డాయి. దామోదర్ చంకల్లోంచి చేతులు బయటికి తీశాడు. మరో పట్టుకి తీగ గీత గీసినట్టు తిన్నగా నిలిచింది. లీల కింద దుంగ మూలిగి, ఒక్క అంగుళం కదిలింది.

లీల ముందుకి వంగి దుంగని రెండు చేతులతో పట్టుకుంది.