మేడ మీద ఒంటిగది

జూలై ఇరవై ఆరు నిర్మలకి బాగా గుర్తు. ఆ రోజు లేత వెదురు కొమ్ముల కూరతో అన్నం తింది, వేడిగా. కూర రుచి కంటే ఆ వేడే ఎక్కువ గుర్తు.

హుకుంపేట దగ్గర అత్తవారింట్లో ఆమె ఎప్పుడూ చల్లారిన కూరే తింది. చీకటి పడితే అత్త యర్రమ్మ గుమ్మంలో నిలబడి "అందరూ వచ్చీసేరా?" అని అడిగేది. మొగుడు మల్లేశు ఇల్లు చేరేదాకా తలుపు వెయ్యకూడదు, ఆడవాళ్లు కంచం ముట్టకూడదు. అతను సంతలో ఎవరితోనో కబుర్లాడి ఎప్పటికో వచ్చేవాడు. అంతదాకా అత్తాకోడళ్లు పొయ్యి దగ్గర ముడుచుకుని కూర్చుంటే, తెరిచిన తలుపులోంచి చలి వచ్చి వాళ్ల పక్కనే కూర్చునేది. పగలంతా కొండ ఊళ్లు తిరిగి పిల్లలకి టీకాలు వేసి వచ్చిన నిర్మల కాళ్లు తీపులు తీసేవి. "సూదులు పొడవడమూ ఓ పనేనేటి?" అనేవాడు మల్లేశు.

ఈ ఏడు ఆస్పత్రివాళ్లు ఆమెని రెండేళ్ల నర్సు చదువుకి విశాఖపట్నం పంపించారు. "గోపాలపట్నంలో మా అక్క ఉంది కదా, అక్కడుండు. వంటకి సాయంగా ఉంటావు" అన్నాడు మల్లేశు. ఆ ఇంట్లో ఏడుగురు. సాయమంటే ఏమిటో నిర్మలకి తెలుసు. పుస్తకం తెరిచే చోటుండదనీ తెలుసు. ఎవరికీ చెప్పకుండా కాలేజీ వెనక వీధిలో, మేడ మీద ఒంటిగది చూసుకుంది. ఒక కిటికీ, మూలగా వంట గట్టు, పక్కనే కొళాయి.

ఇంటావిడ వరలక్ష్మిగారు ఎగాదిగా చూసి, "ఒక్కర్తివేనా? మీ ఇంటి పెద్దవాళ్లు వచ్చి మాట చెబితేనే తాళం ఇస్తానమ్మా" అన్నారు.

ఇంటికి ఫోన్ చెయ్యక తప్పలేదు. మల్లేశు తల్లిని బస్సెక్కించాడు, కోడల్ని అక్క ఇంట్లో దింపి రమ్మని.

యర్రమ్మ సంచీ చంకన పెట్టుకుని, గది తెరవడానికొచ్చిన ఇంటావిడ వెనకే మెట్లెక్కి వచ్చింది. ముసలమ్మ నేరుగా వెళ్లి కొళాయి తిప్పింది. కట్టేసింది. మళ్లీ తిప్పింది. తరవాత గది మధ్యలో పడుకుని కాళ్లూ చేతులూ బారజాపింది.

"ఏటత్తా అది?"

"ఎప్పుడూ ఇలాగ పడుకోనేదు గుంటా. ఎవలిదో ఓ కాలు తగిల్తాది." కాసేపు పైకప్పుకేసి చూసింది. "ఇక్కడ ఎవలి కోసం కాసుక్కూకోవాల?"

"ఎవరి కోసమూ లేదు."

యర్రమ్మ లేచి కూర్చుని ఫోన్ అడిగింది.

"ఒరే మల్లేశూ, నీ పెళ్లం ఇక్కడే ఉంటాది. మీ అక్కింటికి పురుడు పొయ్యడానికెళ్లి గిన్నెలన్నీ నానే తోమేను, నాకు తెల్దేటి? పెద్దదాన్నని పంపేవు కదా, పెద్దదాన్నే సెప్తన్నాను... నీ అన్నమా? కుండా అక్కడే ఉంది, పొయ్యీ అక్కడే ఉంది."

వరలక్ష్మిగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. తాళంచెవి నిర్మల చేతిలో పెట్టి, "మీరూ వస్తూ ఉండండమ్మా" అన్నారు.

"రానేటి? ఈ కొళాయి కోసమైనా వత్తాను."

కూతురికని తెచ్చిన వెదురు కొమ్ములు సంచీలోంచి బయటికొచ్చాయి. "దానికి మళ్లీ తెద్దాంలే, బేగి వండు." ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది. ముద్ద ఊదుకుని తినాలని నిర్మలకి తోచనే లేదు. నాలుక చుర్రుమంది. ఉఫ్ ఉఫ్ అంటూ తలెత్తితే ఎదురుగా అత్త కూడా నోరు తెరుచుకుని విసురుకుంటోంది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

ఇంకా ఎనిమిదైనా కాలేదు. యర్రమ్మ అలవాటుగా గుమ్మంలోకెళ్లి, మెట్ల కిందికి తొంగిచూసింది.

"అందరూ వచ్చీసేరా?"

నిర్మల గదిలోకి చూసింది. కడిగి బోర్లించిన రెండు కంచాలు, పరిచిన దుప్పటి, కిటికీలో తన పుస్తకం.

"వచ్చీసేమత్తా."

యర్రమ్మ చప్పుడు కాకుండా తలుపు వేసింది.