నాయన తుడిచేసిన శిఖరం

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే శ్రీరాములు చేతి గీత వంకర పోదని పేరు. గళ్ళ కాగితం మీద ఆయన చుక్కలు పెడితే, వాటి ప్రకారమే మగ్గం మీద అంచు నేయించే అట్టలకు రంధ్రాలు కొడతారు. అందుకే కూతురు సుధ, హిందూపురం కాలేజీలో తన ఎమ్మెస్సీ ప్రాజెక్టు లెక్కలను పెద్ద చార్టు మీద సాపుగా గీసిమ్మని ఆయనకే ఇచ్చింది.

రేడియోధార్మికత ఉన్న సీజియం నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు ఎంతెంత శక్తితో వస్తున్నాయో లెక్కపెట్టడం ఆమె పని. మూడు వారాలు పట్టింది. ఆ లెక్కలతో గీస్తే వంపు పైకి లేచి, మెల్లగా దిగి, నేలను తాకుతుంది. అంతా అయిపోయిందనుకున్న చోట, కొంచెం అవతల, సన్నని శిఖరం ఒకటి ఒంటరిగా లేస్తుంది.

పరీక్ష రోజు శ్రీరాములే చార్టు చుట్టుకొని, ఇద్దరికీ చిత్రాన్నం కట్టుకొని రైల్లో వచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది. వరండాలో చార్టు అందుకుని, విప్పి చూడకుండానే సుధ లోపలికి పరుగెత్తింది.

గోడకు తగిలించాక చూసుకుంది. శిఖరం లేదు.

"చివర్లో ఉండాల్సింది ఏమైందమ్మా? ఇస్త్రీ పెట్టినట్టు చదును చేసినారే!" అన్నాడు బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు. వెనక బెంచీలు గొల్లుమన్నాయి.

"ఎవరు గీసినారు?" అడిగాడు ఆమె మాస్టారు చంద్రమోహన్.

తలుపు దగ్గర నాయన నిలబడి ఉన్నాడు. మాసిన తువ్వాలు, రంగు మరకల వేళ్ళు, చంకలో అన్నం సంచి.

"చీరల డిజైన్లు గీసే ఆయన సార్. ఆయనెవరో నాకంతగా తెలీదు."

అనేసిన తర్వాత గానీ, ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు తోచలేదు.

శ్రీరాములు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. "నేనే సార్ గీసింది. ఈయమ్మ చుక్కలన్నీ సరిగ్గానే రాసిచ్చింది. అంచు అయిపోయినాక మళ్ళా అంత ఎత్తు లేస్తే, పొరపాటున పడిందనుకుంటి. చీరలో అట్లుంటే తప్పే గదా. నేనే తీసేసినా."

ఈయమ్మ. పుట్టినప్పటి నుంచి 'పాపా' అని తప్ప పిలవని నోరు అది.

"ఈడ అదే ముఖ్యమప్పా," అన్నాడు చంద్రమోహన్. "మామూలుగా ఎలక్ట్రాన్‌తో పాటు కంటికి కనపడంది ఇంకోటి బయల్దేరి, శక్తిలో తన పాలు తీసుకొని పోతాది. అందుకే ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఒక్కోలాగ మిగుల్తాది, వంపు వస్తాది. ఆ చివరివాటితో పంచుకునేది ఏదీ లేదు. అన్నీ ఒకే శక్తితో వస్తాయి. అదే ఆ శిఖరం."

"తెలీలేదు సార్." ఆయన చేతులు కట్టుకున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు. సుధ కూడా.

నోటుపుస్తకంలో లెక్కలున్నాయి కాబట్టి, అవి చూసి శిఖరం గీసి చూపమన్నారు. ఆ చార్టు మీదే గీసింది. పాసైంది. బయటికొస్తే వరండాలో నాయన లేడు.

రైల్లో కిటికీ పక్కన దొరికాడు. ఆమె వచ్చి కూర్చోగానే, తెలియని మనిషికి చోటిచ్చినట్టు జరిగి, ఇద్దరి మధ్యా సంచి పెట్టాడు.

"మీ కాలేజీ పిల్లోళ్ళు ఎవరన్నా ఈ రైల్లో ఉంటారేమో," అన్నాడు మెల్లగా.

పెనుకొండ దగ్గర పడింది. కొండ కనపడుతుండగా ఆమె మాస్టారికి ఫోన్ చేసింది. "సార్, చార్టు గీసినాయన మా నాయన."

"అయ్యో, నిలబెట్టే మాట్లాడితినే సుధా!" అన్నాడు చంద్రమోహన్.

శ్రీరాములు విన్నాడు. "ఎందుకు చెప్పినావు? పాపం, ఆ సారు మనసు నొచ్చుకునింటాది."

"నీ మనసో, నాయనా?"

ఆయన సంచిలోంచి డబ్బా తీశాడు. పొద్దున కట్టింది కట్టినట్టే ఉంది. "తిను."

ఆమె ఒక ముద్ద తీసుకుంది. ఆయన డబ్బా మూత మీద వేలితో వంపు గీసి, కిందికి దించి, అవతల ఆగాడు. "ఈడ ఎంత ఎత్తు లేస్తాది?"

ఆమె వేలు పెట్టి చూపించింది. "ఇంత, నాయనా."

"ఇంతెత్తుదాన్ని తుడిచేస్తినే," అన్నాడు, ఆ రోజు జరిగిన తప్పు అదొక్కటే అయినట్టు.

ధర్మవరం వచ్చేదాకా సుధ తల ఎత్తలేదు.