ఎవరి సంతకం వాళ్ళదే

లైన్‌మన్ తీసిన ఫోటోల్లో దీపం ఎప్పుడూ బాగుండేది. దీపం కింద మనిషి ఉన్నాడా లేడా అన్నది మాత్రం చూసేవాళ్ళు వెతుక్కోవాల్సి వచ్చేది. ఇరవై రెండేళ్ళు స్తంభాలెక్కి బతికినవాడు మరి. స్తంభం కనపడితే చాలు, అతనికంటే ముందు అతని చూపు ఎక్కి కూర్చునేది.

కెమెరా పాతది, ఇంకొకరు వాడి వదిలేసింది. డ్యూటీ దిగాక దాన్ని మెడలో వేసుకుని వీధులు తిరగడం అతని సరదా. చీకటి పడ్డాక ఏ గోడ మీద ఏ వెలుగు ఎంతదాకా పాకుతుందో అతనికి తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. తోటివాళ్ళు "ఫోకస్సు" అని పేరు పెట్టారు. పేరైతే వచ్చింది గానీ ఫోటో ఒక్కటీ గోడెక్కలేదు.

లైబ్రరీ హాల్లో ఏడాదికోసారి రాత్రి వీధుల ఫోటోలతో ప్రదర్శన పెడతారు. పెట్టేది రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆయన రెండేళ్ళు వరసగా లైన్‌మన్ ఫోటోలు తిప్పి ఇచ్చేశారు.

"దీపాలు దివ్యంగా ఉన్నాయి నాయనా. వీధేదీ?" అన్నారు.

ఆ మాట ముల్లులా దిగింది. ఈ ఏడు ఎలాగైనా ఒక్క ఫోటో ఆ గోడ మీద చూసుకోవాలని లైన్‌మన్ పంతం పట్టాడు.

తన వీధి చివరున్న సెలూన్ మూల ఎంచుకున్నాడు. అక్కడ పాత పసుపు దీపం ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉండేది. వెలిగినప్పుడల్లా సెలూన్ అద్దంలో కూర్చున్నవాడి మొహం బంగారం పూసినట్టు తేలి, మళ్ళీ మునిగేది. మూడు రాత్రులు కాపు కాసినా ఆ వెలుగు కెమెరాకి చిక్కలేదు. నాలుగో రోజు డ్యూటీ మీద అటు వెళ్తూ, చెయ్యి ఊరుకోక, స్తంభమెక్కి లూజు కనెక్షను బిగించేసి వచ్చాడు. ఆ రాత్రి స్టాండు వేసి చూస్తే దీపం బుద్ధిమంతురాలిలా నిలకడగా వెలుగుతోంది. అద్దంలో మొహం చప్పగా చచ్చిపోయింది.

సెలూనాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "కూర్చున్న కొమ్మ నువ్వే నరుక్కున్నావు గదన్నా!"

ఇంట్లో భార్య ఇంకో రెండు అంటించింది. "మీరెప్పుడూ ఇంతే. పెళ్ళైన కొత్తలో మా పుట్టింటికొచ్చి, మా నాన్నని పలకరించకుండా స్విచ్చుబోర్డు విప్పుకుని కూర్చున్నారు."

"లూజుగా ఉంది మరి."

"ఎవరు, మా నాన్నా?"

ఫోటో ఇచ్చే గడువు రెండు రోజులుందనగా గాలివాన పట్టుకుంది. చెట్టుకొమ్మ విరిగి తీగల మీద పడి, లైన్‌మన్ కాపురముండే వీధికే కరెంటు పోయింది. మేస్త్రీ, లైన్‌మన్, పొట్టోడని అందరూ పిలిచే ఇంకో లైన్‌మన్, ముగ్గురూ తడిసి ముద్దై గంటన్నర పని చేశారు. తెగిన తీగ కలిపి పొట్టోడు కిందికి దిగాడు.

వాళ్ళ పనిలో ఒక కట్టుబాటుంది. స్తంభమెక్కినవాడు దిగాక, "దిగాను" అని తన నోటితో తనే చెప్పాలి. రిజిస్టరులో తనే సంతకం పెట్టాలి. ప్రాణస్నేహితుడైనా సరే, ఒకడి బదులు ఇంకొకడు పెట్టకూడదు. ఎప్పుడో ఒకడు అలా పెడితే ఒక మనిషి పోయాడు. మేస్త్రీ ఆ కథ చెప్పడు. రిజిస్టరును మాత్రం వానలో ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చంటిబిడ్డలా చంకన పెట్టుకుంటాడు.

పొట్టోడు తడిచేత్తో సంతకం పెట్టాడు. సబ్‌స్టేషన్ వాళ్ళు సరేనంటే, వీధికి కరెంటు వదిలే హ్యాండిల్ వెయ్యాలి. మేస్త్రీ ఫోను చెవిన పెట్టుకుని నిలబడ్డాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర హ్యాండిల్ పట్టుకుని లైన్‌మన్ వీధి వైపు చూశాడు. గుమ్మాల్లో కొవ్వొత్తులు మినుకుమంటున్నాయి. జనమంతా వాకిళ్ళలోనే ఉన్నారు.

అప్పుడు తట్టింది. ఈ వీధిలో దీపం ఏ క్షణాన వెలుగుతుందో తనకొక్కడికే తెలుసు. కెమెరా ఇంట్లో ఉంది. ఇంటి మేడమీద కిటికీ వీధిలోకే ఉంది. భార్యకు ఫోన్ చేశాడు.

"ఏమే, కెమెరా కిటికీలో పెట్టు. వైరు చివర బొత్తాం నొక్కి పట్టుకో. లైటొచ్చాక మూడు దాకా లెక్కపెట్టి వదిలెయ్."

"ఈ చీకట్లోనా! స్టాండెక్కడ తగలేశారు?"

"తలుపు వెనక."

"తలుపు వెనక గొడుగుంది."

"అయితే మంచం కింద."

"మంచం కింద మీ బూట్లున్నాయి. అబ్బా, ఏం కంపండీ!"

"దిండు మీద పెట్టవే! స్తంభం వైపు తిప్పు!"

"ఒరేయ్ ఫోకస్సూ, వాళ్ళు సరేనన్నారు. వెయ్యి!" మేస్త్రీ కేకేశాడు.

"ఆగండాగండి, ఇంకా..." అంటోంది ఫోనులో భార్య.

"అర నిమిషంలో కొంపలేం మునగవు బావా, ఆగు," అని పొట్టోడు చెవిలో ఊదాడు.

లైన్‌మన్ మళ్ళీ వీధి వైపు చూశాడు. ఓ ముసలావిడ గుమ్మం పట్టుకుని, కింది మెట్టెక్కడుందో కాలితో తడుముకుంటోంది.

"నేనాగను. నీ చేతనైనట్టు చెయ్," అని ఫోను జేబులో పడేసి హ్యాండిల్ వేశాడు.

వీధంతా ఒక్కసారి తెల్లబడింది.

ఇంటికొచ్చి తడిబట్టలైనా విప్పకుండా కెమెరా అందుకుని వెనకున్న తెరలో చూశాడు. ఫోటోలో స్తంభం లేదు, దీపమూ లేదు. తడిసిన రోడ్డు వెండిరేకులా మెరుస్తోంది. రెండు వైపులా గుమ్మాల్లో జనం. అందరూ ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఆగి, మొహాలు పైకెత్తి చూస్తున్నారు. ముసలావిడ పాదం మెట్టుకు జానెడు పైన నిలిచిపోయింది. సెలూనాయన నోరు తెరుచుకునుంది. అన్ని మొహాల మీదా వెలుగు అప్పుడే దిగుతోంది.

"స్తంభం వైపు తిప్పమన్నానుగా?"

"తిప్పాను. అటంతా నల్లగా ఉంది. కింద కొవ్వొత్తుల దగ్గర మనుషులు కనపడ్డారు, ఇటు తిప్పేశాను. చెడిపోయిందా?"

అతను ఫోటోను ఇంకోసారి దగ్గరగా చూశాడు. కాసేపటికి, "లేదు," అన్నాడు. ఇంకాసేపటికి, "లేదే," అన్నాడు.

మర్నాడు ప్రదర్శన ఫారం నింపడానికి కూర్చున్నాడు. అడుగున ఒక వరస ఉంది: "ఈ ఫోటో నేను స్వయంగా తీశాను." దాని పక్కన సంతకానికి ఖాళీ. కలం అక్కడిదాకా వెళ్ళి ఆగింది. పెట్టేస్తే అడిగేవాడు లేడు. రెండేళ్ళ ముల్లు ఒక్క గీతతో ఊడొస్తుంది. కలానికి మూత పెట్టి, ఫారం భార్య ముందుకు జరిపాడు.

"నువ్వు పెట్టు."

"నేనా? కెమెరా మీది, ఆలోచన మీది, ఆఖరికి కరెంటు కూడా మీదే. నాదేముంది?"

"తిప్పింది నువ్వు. నొక్కింది నువ్వు. నీ బదులు నేను పెట్టను."

"పెడితే ఏం, ఎవరైనా చస్తారా?"

అతను నవ్వలేదు. ఆమె అతని మొహంలోకి చూసింది. చేతులు తుడుచుకుని, ఒక్కో అక్షరం కుదురుగా దిద్ది సంతకం పెట్టింది.

మాస్టారు ఆ ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఫారం చదివి, "ఈవిడెవరు?" అన్నారు.

"మా ఆవిడండీ."

"మరి ఈ ఏడు నీదేం లేదా?"

"లేదండీ," అన్నాడు లైన్‌మన్. అనేటప్పుడు గుండెలో చిన్న కలుక్కు. అంతే.

ప్రదర్శన రోజు ఆ ఫోటో తలుపుకెదురుగా, పెద్దదిగా వేలాడింది. వీధివాళ్ళంతా కట్టకట్టుకుని వచ్చారు. సెలూనాయన నోరు మూసుకుని తన నోరు చూసుకున్నాడు. మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, కింద అతికించిన చీటీలో పేరు రెండుసార్లు చదివి, లైన్‌మన్ భుజం మీద చెయ్యి వేసి నొక్కి వదిలాడు. ఎవరో పెద్దమనిషి ఆమెను పట్టుకుని, "ఈ క్షణం కోసం ఎన్ని రాత్రులు కాచారమ్మా?" అని అడిగాడు.

"కాచేదేముందండీ. ఆగమన్నాను, మా ఆయన ఆగనన్నాడు. నొక్కేశాను."

లైన్‌మన్ మాత్రం హాలు మూసేదాకా తలుపు దగ్గర్నుంచి కదల్లేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, లోపలికొచ్చే ప్రతి మనిషికీ వేలు పెట్టి చూపించాడు.

"ముందు అది చూడండి, అదిగో, ఎదురుగా ఉన్నది. మా ఆవిడ తీసింది."