బొజ్జన్నకు పోసిన ముంత

1931 చైత్రం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు, బస్సు కంపెనీ గోడ గడియారం సరిగ్గా నడుస్తుంటే, ఆకాశంలో మబ్బు తునకైనా లేదు, పడమటి గాలి కడప వీధి దుమ్మును మోకాళ్ల ఎత్తున దొర్లిస్తోంది, మోకాళ్లు కాదు మోకాలు అని అంజనమ్మ మనసు తన్ను తానే దిద్దుకుంది, కుడికాలు తీసేసి నాలుగేళ్లయినా ఆమె మాట ఇంకా రెండు కాళ్లతోనే నడుస్తోంది, చంకకర్రను బస్సు ముందు చక్రానికి అడ్డం పెట్టి నిలబడింది, ఒంటిమిట్ట తేరుకు పోయే జనం లోపల ముప్పై మంది, డ్రైవరు పుల్లన్న ఇంకా రాలేదు, రాగానే ఊదప్పా అని అడగాలి, ప్రతి డ్రైవరునూ రోజూ అడుగుతున్నట్టే, ముఖం దగ్గరికి ముఖం పెట్టి, నేతగాళ్లకు నూలు కండెలు చుట్టుకుని బతికే విధవ పరాయి మగవాళ్ల నోళ్లు వాసన చూస్తుందని ఊరు నవ్వితే నవ్వనీ, వాసనమ్మ అని పేరు పెడితే పెట్టనీ, నా పెండ్లాం గూడా ఇంత దగ్గరికి రాదమ్మా అన్నవాడొకడు, మజ్జిగ తాగినా పులుపు వాసనే గదా అన్నవాడు ఇంకొకడు, ఉల్లిగడ్డ కొరికి వచ్చేవాళ్లు, సోంపు నమిలి వచ్చేవాళ్లు, తాగినవాణ్ని దించండి సామీ అని గుమాస్తాను బతిమాలితే, వాణ్ని దించితే బండి ఎవరు తోలాల, నువ్వు తోల్తావా అని అతడు, నాలుగేళ్లలో ఏ బస్సూ ఆగిపోలేదు, కాస్త ఆలస్యంగా కదిలింది, అంతే, ఈ ఒక్కటైనా, దేవుడా, ఈ ఒక్కటైనా ఆపగలిగితే.

అదిగో పుల్లన్న వస్తున్నాడు, కానీ అతనికంటే ముందు బస్సులోంచి ఒకామె దిగింది, ఈరక్కా తొందరగా కానీ అని లోపలివాళ్లు కేకేస్తున్నారు, కొంగు నడుముకు దోపి, తల కాస్త వంచి, కల్లు ముంతను రెండు చేతులా పట్టి అతనికి అందిస్తోంది, బండి తోలేవాని గొంతు తడపకుండా ఎవరూ పయనం కట్టరు, అది మర్యాద, తరాల నాటి మర్యాద, ఆ చేతులు చూస్తుంటే అంజనమ్మకు అవి ఈరక్క చేతులుగా కనబడడం లేదు, నాలుగేళ్ల కిందట ఇదే తేరుకు పోతూ, తాగు బొజ్జన్నా, ఎండ శానా ఉండాది అంటూ రెండో ముంత కూడా పోసిన చేతులు అవి, బొజ్జన్న పరాయివాడా, పద్దెనిమిదేళ్లు తమ పల్లె నుంచి గుడ్డల మూటలను ఎద్దులబండి మీద కడపకు చేర్చినవాడు, ప్రతిసారీ తాగే బయలుదేరేవాడు, పొలిమేర దాటకముందే మూటల మీద వాలి నిద్రపోయేవాడు, ఎద్దులే వాగూ వంకా దిగేవి, ఎద్దులే ఎదురుబండికి తప్పుకునేవి, సుంకం గేటు దగ్గర వాటంతట అవే నిలిచేవి, ఒక్క మూట జారింది లేదు, వాడు తాగితేనేమే, ఎద్దులు తాగలేదు గదా అని మొగుడు రామలింగప్ప నవ్వేవాడు, ఆ బొజ్జన్నే బస్సు నేర్చుకుని డ్రైవరయ్యాడంటే ఇంక భయమేమని ఇంటిల్లిపాదీ ముందు సీట్లు చూసుకుని కూర్చున్నారు, వంక మలుపులో, అన్నిటికంటే స్పష్టంగా ఆమెకు కనబడేది ఇదే, బొజ్జన్న కునుకులోంచి ఉలిక్కిపడి స్టీరింగును రెండు చేతులా రొమ్ముకేసి లాగాడు, పగ్గాలు లాగినట్టు, హో, హో అన్నాడు, బస్సుకు ఆ మాట తెలియదు, ఆ తర్వాత రామలింగప్ప లేడు, పదేళ్ల కూతురు గురమ్మ లేదు, బొజ్జన్నా లేడు.

ఇన్నేళ్లూ ఎంతమందికి చెప్పినా డ్రైవరు తాగినాడనే చెప్పింది, ఎవరు పోశారో చెప్పలేదు, ఇప్పుడు నోరు దానంతట అదే తెరుచుకుంది, పోయొద్దు ఈరక్కా, ఆ పొద్దు నేనే పోసినా, ఈ చేతులతోనే పోసినా, నా మొగుణ్ని, నా బిడ్డను నేనే చంపుకున్నా, దిగండి, అందరూ దిగండి, బస్సు కిటికీలోంచి చూస్తున్న పసివాడి నోట్లోంచి వేలు జారింది, ఇది ఆగుతుంది అనుకుంది అంజనమ్మ, ఈరక్క కళ్లలో జాలి కనబడింది, నిజమైన జాలే, నీ చెయ్యి అట్లాంటిదేమో తల్లీ, నా చెయ్యి మంచిది, నా చేత్తో తాగినోడు ఎవడూ పడలేదు, దారి ఇడువు, తేరు కదిలిపోతాది, బస్సులోవాళ్ల పెద్దాయన అయ్యన్న దిగివచ్చి చంకకర్రను మెల్లగా, మర్యాదగానే, చక్రం ముందునుంచి తీసి ఆమె చంకలో పెట్టాడు, పుల్లన్న మూతి తుడుచుకుని, ఊదమంటావా వాసనమ్మా అని అడిగాడు, అడిగి ఊదాడు కూడా, అందరూ నవ్వారు, బస్సు పోయింది.

ఆమె ఇంటికి పోలేదు, గోడనీడ జరిగినకొద్దీ తానూ జరుగుతూ కూర్చుంది, రామా, వాళ్లను చల్లగా చేర్చు, చల్లగా తెచ్చు అని ఎన్నిసార్లు అనుకుందో, ఐదున్నరకు దుమ్ములోంచి బస్సు వచ్చింది, తలకాయలు ఎంచుకో వాసనమ్మా, ముప్పయ్యీ ఉండాయి అన్నాడు పుల్లన్న, ఈరక్క దిగి వడపప్పు ప్రసాదం ఆమె చేతిలో పెట్టి, చూస్తివా తల్లీ అంది, ఎగతాళి కాదు, ఓదార్పుగానే అంది, పసివాడు తల్లి భుజం మీద నిద్రపోతున్నాడు, అంజనమ్మ గుండెలో ఊరట కలిగింది, ఆ ఊరటను ఆనుకునే ఇంకొకటి కదిలింది, చిన్నది, చల్లనిది, నిరాశ లాంటిది, ఏమి కోరుకున్నావే నువ్వు, ఏమి కోరుకున్నావు, వడపప్పు కొంగున ముడేసుకుంది, ఆ నిరాశ వెంట వెనక్కి వెనక్కి పోయి చూసింది, ఎక్కణ్నుంచి వచ్చింది ఇది, బస్సు చల్లగా చేరింది కనుక, చేరితే ఏమవుతుంది, రేపటి ముంత ఇంకాస్త ధీమాగా లేస్తుంది, తన ముంత మాత్రం ఎట్లా లేచింది, అప్పుడు తెలిసింది, రామలింగప్పనూ గురమ్మనూ చంపినవి చల్లగా చేరిన ఆ పద్దెనిమిదేళ్లు, చేరిన ప్రతి బండీ తన చేతులకు నేర్పుతూ వచ్చింది, ఈ పూట పుల్లన్న బస్సు ఈరక్క చేతులకు నేర్పినట్టే, చెప్పుకోవడానికి తన దగ్గర పడిపోయిన బస్సు ఒక్కటే ఉంది, వాళ్ల దగ్గర చేరిన బండ్లు వేలు, వాటితో వాదించి గెలిచేది లేదు.

అంజనమ్మ 1943లో చనిపోయింది. 1947లో, సర్వీసు మొత్తంలో ఒక్క ప్రమాదమూ చేయని డ్రైవరని, బస్సు కంపెనీ యజమాని పుల్లన్నకు శాలువా కప్పాడు.